హైదరాబాద్ - దుబాయి: గాలిలో 4 గంటలు.. గడప నుంచి గదికి 16 గంటలు

జగిత్యాల: హైదరాబాద్ నుంచి దుబాయికి ఆకాశమార్గాన దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమానంలో గడిపే సమయం దాదాపు నాలుగు గంటలు. అయితే టికెట్‌పై ముద్రించిన వేళలను మాత్రమే చూసిన వారికి వెళ్లేటప్పుడు రెండున్నర గంటల ప్రయాణంగా, వచ్చేటప్పుడు అయిదు గంటల ప్రయాణంగా కనిపిస్తుంది. ఈ రెండు లెక్కలూ నిజం కావు. పాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెల నుంచి గల్ఫ్‌కు తొలిసారి బయలుదేరే వారు తేదీని, వేళను సరిగా చదువుకోకపోతే విమానం దాటిపోతుంది. అప్పు చేసి కొన్న టికెట్ వృథా అవుతుంది. వీసాపై ప్రవేశానికి ఉన్న గడువు కరిగిపోతుంది. అందుకే దూరం ఎంతో, సమయం ఎంతో, ఆ సమయాన్ని ఎలా లెక్కించాలో ప్రతి ప్రయాణికుడూ, అతని కుటుంబమూ తెలుసుకోవడం అవసరం.

దూరం ఎలా లెక్కిస్తారు?

భూమి గుండ్రంగా ఉంటుంది కనుక రెండు నగరాల మధ్య అతి దగ్గరి దారి గోళంపై గీసిన వంపు గీత అవుతుంది. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి దుబాయి అంతర్జాతీయ విమానాశ్రయానికి ఆ గీత పొడవు సుమారు 2,550 కి.మీ. మైళ్లలో చెబితే దాదాపు 1,580. విమానయానంలో వాడే నాటికల్ మైళ్లలో సుమారు 1,375. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ.కు సమానం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న ఆకాశదూరానికి ఇది రెండింతలు.

విమానం అచ్చంగా ఈ గీత మీదనే పోదు. నిర్దేశించిన వాయుమార్గాలను అనుసరిస్తూ, వాతావరణాన్ని బట్టి పక్కకు తప్పుకుంటూ సాగుతుంది. అందువల్ల వాస్తవంగా ప్రయాణించే దూరం కొంత ఎక్కువే ఉంటుంది. మహారాష్ట్ర మీదుగా పశ్చిమ తీరం దాటి, అరేబియా సముద్రంపై సాగి, ఒమన్ వైపు నుంచి దుబాయికి చేరడం ఈ దారి స్వరూపం. మార్గంలో ఎక్కువ భాగం సముద్రమే.

ప్రయాణికుల విమానాలు సాధారణంగా పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో గంటకు 800 నుంచి 900 కి.మీ. వేగంతో వెళతాయి. సగటున 850 కి.మీ. అనుకుంటే 2,550 కి.మీ.కు మూడు గంటలు చాలు. మరి నాలుగు గంటలు ఎందుకంటే, టికెట్‌పై చూపే సమయం గాలిలో ఉండేది మాత్రమే కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, అవతల గేటు వద్ద ఆగేదాకా అంతా లెక్కలోకి వస్తుంది. రన్‌వే దాకా పోవడం, వంతు కోసం ఆగడం, పైకి ఎగబాకడం, దిగేముందు వేగం తగ్గించి చుట్టి రావడం కూడా అందులోవే.

గాలి ఎటు వీస్తే..

వెళ్లేటప్పుడు నాలుగు గంటలు పట్టే దారి, తిరిగి వచ్చేటప్పుడు మూడున్నర గంటలలోపే పూర్తికావడం చాలామంది గమనించే ఉంటారు. దీనికి కారణం గాలి. చలికాలంలో ఉత్తర భారతం, అరేబియా ప్రాంతాల మీదుగా చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పునకు బలమైన గాలులు వీస్తాయి. వీటిని జెట్ ప్రవాహాలు అంటారు. దుబాయి వైపు వెళ్లే విమానానికి అవి ఎదురుగాలి. హైదరాబాద్ వైపు వచ్చే విమానానికి వెనుకగాలి.

ఉదాహరణకు విమానం వేగం 850 కి.మీ. ఉండి, ఎదురుగాలి వేగం 100 కి.మీ. ఉంటే నేలమీది లెక్కలో వేగం 750 కి.మీ.కు పడిపోతుంది. అప్పుడు 2,550 కి.మీ. దాటడానికి 3 గంటల 24 నిమిషాలు పడుతుంది. అదే గాలి వెనుక నుంచి తోస్తే వేగం 950 కి.మీ. అవుతుంది. 2 గంటల 41 నిమిషాలు చాలు. అంటే ఒక్క గాలి వల్లనే 43 నిమిషాల తేడా. వర్షాకాలంలో దక్షిణ భారతంపై ఎగువ గాలుల దిశ మారుతుంది కనుక ఈ తేడా తగ్గుతుంది.

గంటన్నర తేడాతోనే చిక్కు

దుబాయి గడియారం మన గడియారం కంటే గంటన్నర వెనుక ఉంటుంది. ఇక్కడ ఉదయం 6 గంటలైతే అక్కడ 4.30. టికెట్‌పై బయలుదేరే వేళను బయలుదేరే నగరం సమయంలో, చేరే వేళను చేరే నగరం సమయంలో ముద్రిస్తారు. ఈ ఒక్క నియమం తెలిస్తే సగం తికమక తీరుతుంది.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరిన విమానానికి నాలుగు గంటలు పడితే మన లెక్కలో ఉదయం 8 అవుతుంది. దుబాయిలో అప్పటికి 6.30. టికెట్‌పై 4.00, 6.30 అని ఉంటుంది. చూసినవారు రెండున్నర గంటలే అనుకుంటారు. తిరుగు ప్రయాణంలో దుబాయిలో రాత్రి 10 గంటలకు బయలుదేరితే మూడున్నర గంటల తర్వాత అక్కడి సమయం 1.30. మన సమయం తెల్లవారుజామున 3 గంటలు. టికెట్‌పై 10.00, 3.00 అని కనిపిస్తుంది. అయిదు గంటలు పట్టినట్లు తోస్తుంది.

సూత్రం సులభం. వెళ్లేటప్పుడు టికెట్‌పై కనిపించే తేడాకు గంటన్నర కలపాలి. వచ్చేటప్పుడు గంటన్నర తీసివేయాలి. అసలు ప్రయాణ కాలం తేలుతుంది. ఒమన్ సమయం కూడా దుబాయి సమయమే. సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, బహ్రెయిన్ దేశాల గడియారాలు మాత్రం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటాయి.

హైదరాబాద్ నుంచి ఇతర గల్ఫ్ నగరాలకు ఆకాశదూరం, నేరుగా వెళితే పట్టే సమయం సుమారుగా ఇలా ఉంటాయి.

మస్కట్ - 2,200 కి.మీ. - మూడున్నర గంటలు
దోహా - 2,900 కి.మీ. - నాలుగున్నర గంటలు
కువైట్ - 3,370 కి.మీ. - అయిదు గంటలు
రియాద్ - 3,400 కి.మీ. - అయిదు గంటలు
జెడ్డా - 4,130 కి.మీ. - ఆరు గంటల వరకు

అర్ధరాత్రి విమానం.. తేదీ జాగ్రత్త

గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రి వేళల్లో, తెల్లవారుజామున నడుస్తాయి. విమాన సంస్థలు 24 గంటల గడియారాన్ని వాడతాయి. 0040 అంటే అర్ధరాత్రి దాటాక 12.40. 1535 అంటే మధ్యాహ్నం 3.35. 2210 అంటే రాత్రి 10.10.

టికెట్‌పై 15వ తేదీ 0040 అని ఉంటే, 14వ తేదీ రాత్రి భోజనాల వేళకే విమానాశ్రయానికి చేరుకోవాలి. పల్లెల్లో తెల్లవారితేనే తేదీ మారినట్లు భావించడం అలవాటు. 15వ తేదీ రాత్రి అనుకొని ఆ రోజు సాయంత్రం ఇంటి నుంచి కదిలితే, అప్పటికి విమానం వెళ్లి పదిహేడు, పద్దెనిమిది గంటలు అవుతుంది. టికెట్ అందిన రోజే 'ఏ తేదీ సాయంత్రం ఇంటి నుంచి కదలాలి' అన్నది గోడమీది క్యాలెండర్‌పై గుర్తు పెట్టుకోవడం ఉత్తమం. చేరే వేళ పక్కన +1 అని ఉంటే, మరుసటి రోజు చేరుతుందని అర్థం. తీసుకెళ్లడానికి వచ్చే బంధువులు ఈ గుర్తును తప్పక చూడాలి.

గడప నుంచి గది దాకా..

జగిత్యాల నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి దారిని బట్టి 220 నుంచి 250 కి.మీ. కరీంనగర్ మీదుగా రాజీవ్ రహదారిపై వచ్చి, శామీర్‌పేట వద్ద బాహ్య వలయ రహదారి ఎక్కితే నగరంలోకి వెళ్లకుండానే చేరవచ్చు. నిజామాబాద్, ఆర్మూర్ వైపు వారికి 44వ నంబరు జాతీయ రహదారి ఉంది. సొంతంగా కారు మాట్లాడుకోలేని వారు ఆర్టీసీ బస్సులో జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి విమానాశ్రయానికి పుష్పక్ బస్సు ఎక్కవచ్చు. ఏ దారిన వెళ్లినా అయిదారు గంటలు కేటాయించుకోవాలి.

అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటర్లను సాధారణంగా విమానం కదలడానికి గంట ముందు మూసివేస్తారు. ఆ తర్వాత వచ్చిన వారు విమానం కళ్లెదుట ఉన్నా ఎక్కలేరు. సామాను తూకం, ఇమ్మిగ్రేషన్ వరుస, భద్రతా తనిఖీ అన్నీ దాటాలి. పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుపై 'ఈసీఆర్' గుర్తు ఉంటుంది. వారు ఉద్యోగ వీసాపై గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. అది లేకుంటే ఇమ్మిగ్రేషన్ వద్దనే ఆపివేస్తారు.

తెల్లవారుజామున 4 గంటల విమానాన్నే ఉదాహరణగా తీసుకుంటే లెక్క ఇలా వస్తుంది. ముందురోజు సాయంత్రం 6 గంటలకు ఊరు విడవాలి. అర్ధరాత్రికి విమానాశ్రయం. 4 గంటలకు విమానం. మన సమయం 8 గంటలకు దుబాయి. అక్కడ ఇమ్మిగ్రేషన్, తొలిసారి వచ్చిన వారికి కంటిపాప స్కానింగ్, సామాను అందుకోవడం కలిపి గంటన్నర. విమానాశ్రయం నుంచి సోనాపూర్, అల్ ఖూజ్ వంటి కార్మిక నివాసాలకు చేరడానికి మరో గంట. మంచంపై సంచి దింపేసరికి మన గడియారంలో ఉదయం 10.30. మొత్తం పదహారున్నర గంటలు. అందులో విమానం వాటా నాలుగో వంతే. కంపెనీ వాహనం కోసం వేచి ఉండాల్సి వస్తే ఇంకా పెరుగుతుంది.

దుబాయి కస్టమ్స్ వద్ద ఆలస్యానికీ, అంతకు మించిన ఆపదకూ కారణమయ్యే వస్తువు ఒకటి మన వంటింట్లోనే ఉంది. అది గసగసాలు. మసాలాలోకి వాడే ఈ గింజలపై ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో నిషేధం ఉంది. అవి సామానులో దొరికితే జైలు పాలయ్యే ప్రమాదం ఉంది. తెలిసినవారి కోసమంటూ ఎవరైనా ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా తీసుకెళ్లరాదు. మందులు వాడేవారు వైద్యుని చీటీ వెంట ఉంచుకోవాలి.

దుబాయి అంటే ఒక్క విమానాశ్రయం కాదు

వాడుకలో గల్ఫ్ అంతా 'దుబాయి'యే అయినా, టికెట్ ఎక్కడికి తీశారన్నది చూసుకోవాలి. డీఎక్స్‌బీ అని ఉంటే దుబాయి అంతర్జాతీయ విమానాశ్రయం. ఇందులో మూడు టెర్మినళ్లు ఉన్నాయి. డీడబ్ల్యూసీ అంటే నగరానికి దూరంగా ఉన్న అల్ మక్తూమ్ విమానాశ్రయం. ఎస్‌హెచ్‌జే అంటే షార్జా. ఏయూహెచ్ అంటే అబుధాబి. షార్జా దుబాయికి ఆనుకొని ఉంటుంది. అబుధాబిలో దిగితే దుబాయికి వంద కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం ఉంటుంది. కంపెనీ మనిషి ఒకచోట, కార్మికుడు మరోచోట ఎదురుచూసే పరిస్థితి రాకుండా విమానాశ్రయం పేరు, టెర్మినల్ నంబరు ముందే తెలపాలి.

తక్కువ ధరకు వచ్చే టికెట్లలో చాలావరకు ఆగి వెళ్లేవే. ముంబయి, మస్కట్, బహ్రెయిన్ వంటి చోట్ల దిగి మరో విమానం ఎక్కాలి. నాలుగు గంటల ప్రయాణం పది, పన్నెండు గంటలు అవుతుంది. రెండు విమానాలూ ఒకే టికెట్‌పై ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి విమానంలో పంపే బాధ్యత సాధారణంగా విమాన సంస్థదే. రెండు వేర్వేరు టికెట్లు కొంటే ఆ రక్షణ ఉండదు. ఏజెంటు చేతి నుంచి టికెట్ తీసుకునేటప్పుడే పీఎన్ఆర్ నంబరు ఒకటా, రెండా అని అడగాలి.

బొంబాయి దారి నుంచి శంషాబాద్ దాకా

'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అన్న మాట తెలంగాణ పల్లె బతుకును మూడు ముక్కల్లో చెబుతుంది. ఐక్య అరబ్ ఎమిరేట్స్ 1971 డిసెంబరు 2న ఏర్పడింది. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో నిర్మాణ పనులు జోరందుకున్నాయి. ఆ తరం వలస కార్మికులకు దుబాయి దారి బొంబాయి మీదుగానే ఉండేది. రైలులోనో బస్సులోనో అక్కడికి చేరి, వీసా కాగితం కోసం, టికెట్ కోసం రోజుల తరబడి ఇరుకు గదుల్లో ఎదురుచూసేవారు. బొంబాయి నుంచి దుబాయికి ఆకాశదూరం సుమారు 1,930 కి.మీ. మాత్రమే. హైదరాబాద్ కంటే అది 600 కి.మీ.కు పైగా దగ్గర. అయినా ఇంటి నుంచి లెక్కిస్తే ఆనాటి ప్రయాణం వారాల మీద సాగేది.

తర్వాత హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయం నుంచి గల్ఫ్ సర్వీసులు నడిచాయి. 2008 మార్చి 23 నుంచి ప్రయాణికుల రాకపోకలు శంషాబాద్‌కు మారాయి. దూరం మారకపోయినా, దారిలో గడిచే కాలం ఇలా తగ్గుతూ వచ్చింది.

ఆఖరి చూపునకు అందేనా?

ప్రయాణ కాలం విలువ అన్నిటికంటే ఎక్కువగా తెలిసేది ఇంట్లో చావు కబురు వచ్చినప్పుడే. కొడుకు దుబాయిలో ఉన్నాడు, నాలుగు గంటల దారే కదా, సాయంత్రానికి వస్తాడని ఊళ్లో పెద్దలు అనుకుంటారు. అక్కడి లెక్క వేరు. ఉదయం 8 గంటలకు కబురు అందితే కంపెనీ నుంచి సెలవు రావాలి. పాస్‌పోర్టు చేతికి అందాలి. కార్మికుల పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోవడం ఆ దేశంలో చట్టవిరుద్ధమే అయినా, ఆ పని చేసే యజమానులు ఉన్నారు. ఆ తర్వాత అప్పటికప్పుడు టికెట్ దొరకాలి.

అన్నీ అనుకూలించి రాత్రి 10 గంటల విమానం అందితే శంషాబాద్‌కు తెల్లవారుజామున 3 గంటలకు చేరతాడు. బయటకు రావడానికి గంట. జగిత్యాల ప్రాంతంలోని ఊరికి మరో అయిదు గంటలు. ఇంటి ముందు దిగేసరికి ఉదయం 9. కబురు అందినప్పుడు మన సమయం ఉదయం 9.30 కనుక, దాదాపు 24 గంటలు. ఫ్రీజర్ పెట్టె తెప్పించాలా, అంత్యక్రియల సమయం ఎప్పుడు పెట్టుకోవాలి అన్నది ఈ లెక్కను బట్టి నిర్ణయించుకుంటే, అటు వచ్చేవాడికీ ఇటు ఎదురుచూసేవారికీ వేదన కొంతైనా తగ్గుతుంది. పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఫోన్‌లో దాచుకుంటే టికెట్ తీయడంలో గంటలు కలిసివస్తాయి.

అక్కడే మరణించిన వారి మృతదేహం రావడానికి పట్టే కాలాన్ని గంటల్లో చెప్పలేం. ఆసుపత్రి, పోలీసు పత్రాలు, మరణ ధ్రువీకరణ పత్రం, పాస్‌పోర్టు రద్దు, భారత కాన్సులేట్ నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్, విమాన కార్గోలో చోటు.. ఇవన్నీ వరుసగా పూర్తి కావాలి. సహజ మరణమైతే కొన్ని రోజులు, ప్రమాదమో ఆత్మహత్యో అయి దర్యాప్తు ఉంటే వారాలు కూడా పట్టవచ్చు. దుబాయిలోని కాన్సులేట్‌కు అనుబంధంగా ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం పనిచేస్తోంది. శంషాబాద్ నుంచి స్వగ్రామం వరకు మృతదేహాన్ని తరలించడానికి రాష్ట్ర ప్రభుత్వ ఉచిత అంబులెన్స్ సదుపాయం ఉంది. మృతదేహం ఏ విమానంలో వస్తుందో తెలియగానే అందుకు దరఖాస్తు చేసుకోవాలి.

ఆకాశం మూతపడిన రోజులూ ఉన్నాయి

దూరం స్థిరంగా ఉన్నా ప్రయాణ కాలం ఎప్పుడూ స్థిరం కాదు. కరోనా వ్యాప్తి వల్ల 2020 మార్చి 23 నుంచి భారత్‌కు అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. మే 7న 'వందే భారత్ మిషన్' విమానాలు మొదలయ్యే దాకా గల్ఫ్‌లో చిక్కుకున్న వారికి దారి లేకపోయింది. సాధారణ సర్వీసులు 2022 మార్చి 27న గానీ పునరుద్ధరణ కాలేదు. 2024 ఏప్రిల్ 16న ఎడారి నగరం దుబాయిలో కుండపోత వాన కురిసి రన్‌వేలు నీట మునగడంతో రోజుల తరబడి రాకపోకలు దెబ్బతిన్నాయి. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని మూసివేయడంతో ఆ ప్రాంతమంతటా విమానాలు దారి మళ్లాయి, ఆలస్యమయ్యాయి. ఇవి కాక, చలికాలపు ఉదయాల్లో దుబాయిలో కమ్మే పొగమంచు ప్రతి ఏటా ఉండేదే. అందుకే ఇంటి నుంచి కదిలే ముందు విమానం వేళను మరోసారి సరిచూసుకోవాలి.

బయలుదేరే ముందు..

- టికెట్‌పై తేదీ, 24 గంటల వేళ చదివించుకొని, ఇల్లు విడవాల్సిన తేదీని విడిగా రాసుకోవాలి.
- పాస్‌పోర్టులో ఉన్నట్లే టికెట్‌లో, వీసాలో పేరు ఉందో లేదో అక్షరం అక్షరం పోల్చుకోవాలి.
- దిగే విమానాశ్రయం, టెర్మినల్, తీసుకెళ్లే వారి ఫోన్ నంబరు కాగితంపై రాసి జేబులో ఉంచుకోవాలి. అక్కడ ఫోన్ పనిచేయకపోవచ్చు.
- ఆగి వెళ్లే టికెట్ అయితే మధ్యలో ఎంతసేపు ఆగాలో, సామాను నేరుగా చివరి నగరానికి వెళుతుందో లేదో కౌంటర్‌లోనే అడగాలి.
- పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం, బీమా పత్రాల నకళ్లు ఒక జత ఇంట్లో ఉంచాలి.
- చేరగానే ఫోన్ చేస్తామని చెప్పే వేళ మన సమయమా, అక్కడి సమయమా అన్నది ఇంట్లో వారికి స్పష్టంగా చెప్పి వెళ్లాలి. గంటన్నర తేడా తెలియక ఇంటిల్లిపాదీ ఆందోళనతో గడపాల్సిన అవసరం ఉండదు.